రెండో మెట్టు మీద లాంతరు

కళ్ళజోళ్ళ షాపు,
కౌంటరు వెనక నుంచి

అక్కా,

నువ్వు ఆ ఆడపిల్లల హాస్టల్‌కి మేట్రన్‌గా వెళ్ళి నెల దాటిపోయింది. చేరానని ఒక ముక్క రాసి ఊరుకున్నావు. అంతమంది పిల్లలు దొరికేసరికి ఒక్కగానొక్క తమ్ముడు గుర్తుకు రావడం లేదు కాబోలు. సరే, అలక తర్వాత. ముందు వార్త విను. నన్ను చర్చి కమిటీకి సెక్రటరీని చేశారు. ఏకగ్రీవంగా! పోటీకి ఇంకెవరూ నిలబడలేదు. నిజం చెప్పాలంటే సమావేశానికే ఎవరూ పెద్దగా రాలేదు. అయినా ఏకగ్రీవం ఏకగ్రీవమే.

పదవిలోకి రాగానే నేను ముట్టుకున్న మొదటి విషయం వెలుగు. సృష్టిలో కూడా మొదటి పని అదే కదా అని నేనంటే పాస్టరుగారు దగ్గి ఊరుకున్నారు. మన చర్చిలో చీకటి ఎక్కువైపోయిందక్కా. ఇన్నేళ్ళుగా సాయంత్రం ప్రార్థనలో వాక్యం చదివేది నేనే కదా, నాకు తెలియదా? ఈమధ్య అక్షరాలు కాగితంలోకి ఇంకిపోతున్నట్టు ఉంటున్నాయి. బల్బులు నాసిరకం. అందుకని తీర్మానం చేశాం. హాల్లో నాలుగు పెద్ద లైట్లు, కప్పు మీద శిలువ ఆకారంలో ఒక మహా లైటు, బయటి గోడకి అక్షరాలు పరుగెత్తే బోర్డు. బోర్డుకి 'నేటి వెలుగు' అని నేనే పేరు పెట్టాను. రోజుకో వాక్యం అందులో పరుగెడుతుంది. విశ్వాసి మంచం దిగకుండానే కిటికీలోంచి ఆ రోజు నడవాల్సిన దారి తెలుసుకోవచ్చు. చర్చి దాకా రానక్కర్లేదు.

ఇక నీ లాంతరు. ఇన్నేళ్ళు చర్చి గుమ్మం ముందు రెండో మెట్టు మీద నువ్వు రోజూ వెలిగించి పెట్టిన లాంతరుకి కమిటీ కృతజ్ఞతలు తెలిపింది. స్టోరు రూములో పెట్టించి పాత గోనె కప్పించాను. మహా లైటు వచ్చాక ఆ మిణుగురు ఎందుకు చెప్పు.

మన ఇంటి గుమ్మాన్ని కాస్త వెడల్పు చేయించాలనుకుంటున్నా. వడ్రంగి ఎవడు పెట్టాడో గానీ నా ఎడమ భుజాన్ని వదలడం లేదు. నీ మరదలు కూడా మంచినీళ్ళ గ్లాసు ఎప్పుడూ నా మోచేతి పక్కనే పెడుతుంది, అది పడుతుంది, తిట్లు నాకు. చర్చిలో జనం బల్లలు ఎక్కడ పడితే అక్కడ లాగేస్తారు. క్రమశిక్షణ లేదు. అదే నా రెండో తీర్మానం.

నీ తమ్ముడు,
సెక్రటరీ


హాస్టల్,
వంటగది పక్క గది

సెక్రటరీగారికి,

శుభాకాంక్షలు. తమ్ముడు ఇంత పెద్దవాడైపోతాడని తెలిస్తే చిన్నప్పుడు ఇంకో రెండు మొట్టికాయలు వేసి ఉంచేదాన్ని. ఇకమీదట అవకాశం ఉండదు.

నేను మరిచిపోలేదురా. ఇక్కడ తెల్లారేసరికి ఒకత్తికి జ్వరం, ఒకత్తికి ఇంటి మీద బెంగ, ఒకత్తి చెప్పు బాత్‌రూములో పడిపోయింది. చదువుకోండే అంటే కరెంటు పోతే బాగుండునని ప్రార్థన చేస్తారు. ఆ ప్రార్థనలు మాత్రం వెంటనే వినబడుతున్నాయి. కరెంటు పోగానే నేను కొవ్వొత్తి పట్టుకుని వరండాలో నడుస్తాను. అప్పుడు మన మెట్లు గుర్తొస్తాయి.

ఆ రెండో మెట్టు మిగతావాటి కన్నా ఎత్తు. కట్టినవాడు లెక్క తప్పాడు. కొత్తవాళ్ళు పడతారు, పాతవాళ్ళు మరిచిపోయి పడతారు. అందుకే అక్కడ దీపం. నీ మహా లైటు ఆకాశంలో ఎగిరే కాకులకి దారి చూపిస్తుంది, బాగుంది. మెట్టు ఎక్కే ముసలమ్మకి ఏం చూపిస్తుంది? వాక్యం పాదాల దగ్గర ఉండే దీపం లాంటిదని నువ్వే కదా ఎలుగెత్తి చదివేవాడివి? కప్పు మీద ఉండేదని ఎక్కడైనా రాసి ఉందా? నేను మరీ అంత చదువుకోలేదు.

ఇంకోటి. ఆ లాంతరు తొట్టి చిన్నది. ఒక్క సాయంత్రానికే నూనె పడుతుంది. రేపటిది రేపే పొయ్యాలి. పెద్ద తొట్టి లాంతరు కొందామని అప్పట్లో నువ్వే అన్నావు, నేను వద్దన్నాను. రోజూ వెళ్ళే పని ఉంటేనే రోజూ వెళ్తాం. అది నా బద్ధకం సంగతి తెలిసి నేను పెట్టుకున్న కట్టుబాటు.

గుమ్మం నిన్ను కొడుతోందంటున్నావు. మన పెళ్ళిళ్ళకి ముందు నుంచీ ఉన్న గుమ్మం అది. ఇన్నాళ్ళు లేని పగ ఇప్పుడెందుకు పెట్టుకుంది? అందరి కళ్ళూ చూస్తావు, నీ కళ్ళు ఎవరికైనా చూపించుకున్నావా?

మరదలికి నా ముద్దులు. గ్లాసు స్టీలుది వాడమను.

అక్క


చర్చి ఆఫీసు గది
(బల్ల ఒకటి, కుర్చీ ముప్పావు)

అక్కా,

నా కళ్ళా! నవ్వొచ్చింది. షాపు గోడకి వేలాడే అక్షరాల చార్టు ముందు నిన్ననే నిలబడ్డాను. చివరి వరుస, చీమ తలకాయంత అక్షరాలు, గడగడా చదివేశాను. నీ మరదలు పక్కనుంచి "మీకది కంఠతా వచ్చు కదండీ" అంది. ఆడవాళ్ళకి మంచి మాట నోట రాదు.

ప్రారంభోత్సవం వైభవంగా జరిగింది. పాస్టరుగారు స్విచ్చి నొక్కారు. మహా లైటు వెలిగింది. వీధి చివర ఉన్న రొట్టెల బట్టీ దాకా పట్టపగలు! ఒక్కటే ఇబ్బంది. ఎదురింటి వాళ్ళ కోడికి తెల్లారిందనిపించి సాయంత్రం నుంచే కూత మొదలుపెట్టింది. పాస్టరుగారు ప్రసంగంలో ఉన్నారు. అది కూసినప్పుడల్లా ఉలిక్కిపడ్డారు. మూడోసారి కూసేసరికి ప్రసంగం ఆపేసి కూర్చున్నారు. గురువును ఎరగనని ముమ్మారు బొంకిన శిష్యుడికి కోడి కూసిన కథ గుర్తొచ్చిందేమో, ఆయన మనసులో ఏముందో మనకెందుకు.

బోర్డు సంగతి. కొత్తది ఎందుకని మూసేసిన బట్టల షాపు వాళ్ళ బోర్డు తెచ్చాం. మెకానిక్ పాత అక్షరాలన్నీ తీసేశానని ఒట్టేశాడు. మొదటి సాయంత్రం వీధంతా నిలబడి చూస్తోంది. 'దేవుని కృప అందరికీ' అని చక్కగా పరుగెత్తింది. నేను ఛాతీ విరుచుకున్నాను. వెనకాలే 'స్టాకు ఉన్నంత వరకే' అని వచ్చింది. మర్నాడు 'నేడే మారుమనస్సు పొందండి' అని పెడితే 'ఒకటికి ఒకటి ఉచితం' అంది. మొన్న ఒక జంటకి పెళ్ళయింది. 'ఈ దంపతులను ప్రభువు దీవించుగాక' అని ప్రత్యేకంగా వేయించాను. దాని కింద 'కొన్న సరుకు వాపసు తీసుకోబడదు'. పెళ్ళికొడుకు మేనమామ ఫోటో తీయించుకున్నాడు. పోనీలే, హాజరు మాత్రం పెరిగింది. జనం లోపలికి రారు, బోర్డు కింద నిలబడి నవ్వుకుని వెళ్ళిపోతారు.

అసలు విషయం ఇది కాదు. నీ లాంతరు మళ్ళీ వెలుగుతోంది! స్టోరు రూము తాళం నా దగ్గర ఉంది, ఇంట్లో మేకుకి వేలాడుతోంది. అయినా సాయంత్రమయ్యేసరికి రెండో మెట్టు మీద అది వెలుగుతోంది. తీర్మానాన్ని ధిక్కరించిన వాడెవడో తేల్చడానికి విచారణ సంఘం వేశాను. నేనే అధ్యక్షుణ్ణి. నాకు గంట కొట్టే తాత మీద అనుమానం. వెళ్ళేముందు నువ్వు అతనికేమైనా చెప్పి వెళ్ళావా? నిజం చెప్పు, నిన్నేమీ అనను.

సెక్రటరీ


హాస్టల్,
గాడిపొయ్యి ఎదురుగా

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం పిల్లలకి చదివి వినిపించాను. జ్వరంతో ఉన్నది లేచి కూర్చుంది. ఇప్పుడు అన్నం వడ్డించినప్పుడల్లా 'స్టాకు ఉన్నంత వరకే' అని అరుస్తున్నారు. నీ పరిచర్య ఇంత దూరం వచ్చింది.

నేనెవరికీ ఏమీ చెప్పలేదు. గంట కొట్టే తాత గంట తాడు పట్టుకునే నిద్రపోతాడు, అతనికి తాళాలు దొంగిలించే ఓపికెక్కడిది? ఎవరు వెలిగిస్తున్నారో గానీ వాళ్ళ చేతులు చల్లగుండాలి. దొంగతనంగా నూనె పోసేవాళ్ళ మీద విచారణ వేసిన కమిటీ ఇదొక్కటే అయ్యుంటుంది. మెట్ల మీద ఎవరూ పడలేదు కదా? దానికి జవాబు రాయలేదు నువ్వు.

కంఠతా వచ్చిన చార్టు చదివి కళ్ళు బాగున్నాయనుకోవడం నువ్వే చేయగలవు. వేరే ఎవరైనా వచ్చి అలా చేస్తే వాళ్ళని కుర్చీలోంచి లేపేస్తావు.

అక్క


కళ్ళజోళ్ళ షాపు,
షట్టరు సగం దించి

అక్కా,

మనసేమీ బాగాలేదు. ఊరంతా చెవులు కొరుక్కుంటోంది. సెక్రటరీ అయ్యాక నాకు కళ్ళు నెత్తికెక్కాయట. పలకరిస్తే పలకనట. పక్కనుంచి నమస్కారం పెడితే చూడనట్టు వెళ్ళిపోతున్నానట. రొట్టెల బట్టీ ఆయన చేయి చాపితే ఆ చేయి గాల్లోనే ఉండిపోయిందట. ఎప్పుడు చాపాడు? నేను చూస్తే కదా! నిందలు వేయడానికి జనానికి పనేముంది.

ఆదివారం తల కొట్టేసినట్టయింది. పసిబిడ్డకి ఆశీర్వాద ప్రార్థన. నేను దీవెనల భాగం చదవాలి. కొత్త లైట్ల కింద కాగితం సున్నం కొట్టినట్టు తెల్లగా మెరిసిపోయింది. దీవెనలు మొదలుపెట్టాను, బాగానే నడుస్తున్నాయి. వరుస ఎక్కడ తప్పిందో తెలియదు, పక్క పేజీలో శాపాల్లోకి దిగిపోయాను. తెగుళ్ళు, మిడతలు, పిచ్చి పట్టడం, గుడ్డితనం. గొంతు మాత్రం ఎప్పటిలాగే గంభీరంగా ఉంది. ఒక్కో శాపానికీ జనం "ఆమెన్" అన్నారక్కా! తల్లి ఒక్కత్తే బిడ్డని గుండెకి హత్తుకుని నావైపు చూసిందట. వీళ్ళు ఇన్నేళ్ళుగా ఏమైనా వింటున్నారా అని నాకు అనుమానం వచ్చింది. తప్పు అచ్చు వేసినవాడిది. దీవెనలూ శాపాలూ అంత దగ్గరగా ఎవరైనా వేస్తారా?

వాక్యం చదవడానికి ఇంకొకరిని చూద్దామా అని పాస్టరుగారు నెమ్మదిగా అన్నారు. నేను వినబడనట్టు ఊరుకున్నాను. అది పోతే నాకింకేముందక్కా? షాపులో నేను ఫ్రేములు అమ్ముకునేవాణ్ణి. ఆ బల్ల దగ్గర నిలబడితేనే మనిషిని.

విచారణ ఏమీ తేలలేదు. నిన్న సాయంత్రం నేనూ నీ మరదలూ గేటు దగ్గర కాపలా కాశాం. నేను కళ్ళార్పకుండా మెట్ల వైపే చూశాను. పాస్టరుగారు పిలిస్తే అటు తిరిగి ఒక మాట మాట్లాడి ఇటు తిరిగేసరికి లాంతరు వెలుగుతోంది! నీ మరదల్ని అడిగితే "నేనూ ఇక్కడే ఉన్నా కదా, ఎవరూ రాలేదు" అంది. దయ్యమైనా అయ్యుండాలి, దేవదూతైనా అయ్యుండాలి. నివేదికలో ఏది రాయాలో తెలియడం లేదు.

తమ్ముడు

వదినా, ఇది నేను, మీ మరదల్ని. ఉత్తరం అంచున నిలువుగా పెన్సిలుతో రాస్తున్నా, కాగితం తిప్పి చదవండి. ఆయన నా పక్కనే కూర్చుని కవరు మీద అడ్రసు రాస్తున్నారు. మోచెయ్యి మోచెయ్యి తగిలేంత దగ్గర. నేను ఆయన ఉత్తరం మీదే రాస్తున్నానని ఆయనకి తెలియడం లేదు. ఎదురుగా ఉన్నదే కనిపిస్తోంది వదినా, పక్కల ఏమీ లేదు. లాంతరు వెలిగించేది నేనే. ఆ మెట్టు దగ్గర పడిపోతారేమోనని. కాపలా రోజు కూడా ఆయన పక్కనుంచే నడిచివెళ్ళి వెలిగించి వచ్చి నిలబడ్డాను. కళ్ళ మాట ఎత్తితే ఒంటికాలి మీద లేస్తున్నారు. నాకు భయమేస్తోంది. మీరు చెబితే వింటారు.


హాస్టల్,
జబ్బుపిల్లల గది బయట

తమ్ముడూ,

ఈసారి వేళాకోళం లేదు. షట్టరు పూర్తిగా దించి చదువు.

అమ్మ గుర్తుందా? చివరి రోజుల్లో అమ్మ కాదు, దానికి ముందు అమ్మ. నువ్వు అప్పుడు కళ్ళజోళ్ళ పని నేర్చుకోవడానికి వేరే ఊళ్ళో ఉన్నావు. అమ్మ గుమ్మాన్ని తిట్టేది. గుమ్మం ఇరుగ్గా ఉందనేది. పక్కన పెట్టిన చెంబు తన్నేసి నన్ను తిట్టేది. చుట్టాలు వచ్చి పలకరిస్తే పలకలేదని ఆవిడకి పొగరన్నారు. సూదిలో దారం మాత్రం ఎక్కించేది. అందుకే చూపు బాగుందనుకున్నాం. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి నీటికాసులు అన్నారు. చుట్టూ ఉన్న చూపు మెల్లగా ముడుచుకుపోతుందట, నొప్పి ఉండదట, మనిషికే తెలియదట. ఆలస్యమైపోయిందన్నారు. నువ్వు తిరిగి వచ్చేసరికి అమ్మ గొంతును బట్టి నిన్ను గుర్తుపట్టింది.

ఎవరు చెప్పారని అడక్కు. గుమ్మం, గ్లాసు, బల్లలు, రొట్టెల బట్టీ ఆయన చేయి. అన్నీ నువ్వే రాశావు. నేను చదివి నవ్వుకున్నాను, అందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

చార్టు ఎదురుగా ఉన్నదాన్నే చూపిస్తుందని నీకు నేను చెప్పాలా? ఒక కన్ను మూసుకుని చార్టు వైపే చూస్తూ కూర్చో. మరదల్ని నీ చెవి వెనక నుంచి ఆ లాంతరు వెలిగించి మెల్లగా ముందుకు తీసుకురమ్మను. ఎక్కడ కనబడిందో చెప్పు. తల తిప్పకూడదు. కంటాసుపత్రికి నువ్వెలాగూ వెళ్ళవు, ముందు ఇదైనా చెయ్యి. అమ్మకి మిగల్లేదు. నీకింకా మిగిలి ఉంది, అది పోనివ్వకు.

అక్క


చర్చి కమిటీ కార్యాలయం

గౌరవనీయులైన మేట్రన్‌గారికి,

తమరి ఉత్తరం అందింది. అందులోని అనుమానాన్ని కమిటీ పూర్తిగా తోసిపుచ్చుతోంది. కమిటీ అంటే ప్రస్తుతానికి నేనొక్కణ్ణే. కళ్ళ వ్యాపారంలో జుట్టు నెరిసిన మనిషికి హాస్టల్‌లో అన్నం వడ్డించేవారు పరీక్షలు చెప్పనక్కర్లేదు. చనిపోయిన అమ్మని ఇందులోకి లాగడం బాగాలేదు. ఈ విషయం ఇంతటితో ముగిసింది.

ఇట్లు,
సెక్రటరీ


హాస్టల్

ఒరేయ్,

నీది సెక్రటరీ పదవి. నాది అక్క పదవి. దీనికి ఎన్నికలు లేవు, రాజీనామా లేదు. ఈ వారంలో లాంతరు పరీక్ష చేయించుకున్నానని ఉత్తరం రాకపోతే సెలవు పెట్టి బస్సెక్కి వస్తాను. వచ్చి నీ కమిటీ ముందే చెవి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళతాను. ఏ పక్క నుంచి వచ్చి పట్టుకున్నానో కూడా నీకు తెలియదు.

అక్క


కంటాసుపత్రి వరండా,
చెక్క బల్ల మీద నుంచి

అక్కా,

నీ ఉత్తరం నాలుగు ముక్కలు చేద్దామనుకున్నాను. చేయలేదు. ఆ చివరి వాక్యం నన్ను పట్టుకుంది.

షాపు మూశాక చార్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను, నా దగ్గరికి వచ్చేవాళ్ళు కూర్చునే కుర్చీలో. కుడి కన్ను చేత్తో మూసుకున్నాను. నీ మరదలు లాంతరు తెచ్చింది. "మొదలుపెట్టు" అన్నాను. "పెట్టానండీ" అంది. కాసేపు చూశాను, ఏమీ లేదు. "ముందు దీపం వెలిగించవే" అన్నాను. "కిరసనాయిలు వాసన వస్తోంది, అగ్గిపుల్ల గీయకుండా ఏం చేస్తున్నావు?" అని కసిరాను. అప్పుడు నా చెవికి వేడి తగిలింది.

వెలిగే ఉందక్కా. నా చెవి పక్కనే, వెలిగే ఉంది. చర్మానికి తెలిసింది, కంటికి తెలియలేదు. తల తిప్పి చూస్తే దీపం కనబడింది, దాని వెనకాల నీ మరదలు. ఏడుస్తోంది. ఎప్పటి నుంచి ఏడుస్తోందో కూడా నాకు తెలియదు. నేను అమ్మలాగా అయిపోతానని ఏడ్చాను. సెక్రటరీ ఏడవకూడదని ఎక్కడా తీర్మానం లేదు కదా.

దొంగ కూడా దొరికింది. విచారణ సంఘం అధ్యక్షుడికి రోజూ టీ కాచి ఇచ్చేది ఆ దొంగే. "ఎందుకు చెప్పలేదు?" అంటే "మీరు విచారణలో బిజీగా ఉన్నారు కదా" అంది.

మర్నాడే ఇక్కడికి వచ్చాం. డాక్టరమ్మ చిన్న పిల్ల, నా షాపులోనే మొదటి కళ్ళజోడు కొనుక్కుందట. నీటికాసులే. ఎడమ కన్ను పక్కల దాదాపు అయిపోయింది. కుడి కన్ను కాస్త నయం. పోయింది రాదు. ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలంటే రోజూ సాయంత్రం ఒక్కో కంట్లో ఒక్కో చుక్క మందు, బతికినన్నాళ్ళూ. "వారానికి సరిపడా ఆదివారమే వేసేసుకుంటే?" అని అడిగాను. నన్ను చూసిన చూపుకి కుర్చీలో చిన్నబోయాను. "ఈరోజు చుక్క ఈరోజుకేనండీ" అంది. నీ లాంతరు తొట్టి గుర్తొచ్చింది. నీకు తెలియకుండా నువ్వు డాక్టరువి.

ఒక మాట. ఆ లైట్లు నేను జనం కోసం పెట్టించలేదు. నాకు అక్షరాలు కనబడక పెట్టించాను. ఊరంతా చీకట్లో ఉందని నిజంగానే నమ్మాను, చూడు. రేపు వాక్యం చదివే పని పాస్టరుగారికి అప్పగించేస్తాను.

తమ్ముడు


హాస్టల్,
చిన్నపిల్లల చదువు గది

నా బంగారు తమ్ముడూ,

ఏడ్చాను, లేచి మొహం కడుక్కున్నాను, పిల్లలకి జావ కాచి వచ్చాను. ఇప్పుడు రాస్తున్నా.

చదివే పని ఎవరికీ అప్పగించకు. ఈ కవర్లో ఒక అట్టముక్క ఉంది. పరీక్ష అట్టకి నల్లకాగితం అతికించి, మధ్యలో ఒక్క వరుస కనబడేంత సందు కోశాను. ఇక్కడ చదువు కొత్తగా నేర్చుకునే పిల్లలకి ఇలాంటిదే ఇస్తాం, వరుసలు కలిసిపోకుండా. దాన్ని పేజీ మీద పెట్టి, ఒక వరుస చదివి, కిందికి జరుపు. పక్క పేజీ శాపాలు నీకు కనబడవు. ఆ నాలుగు లైట్లూ ఆర్పించి బల్ల మీద ఒక్క చిన్న దీపం పెట్టించుకో.

నామోషీ అనుకుంటావని తెలుసు. అనుకో, అనుకుంటూనే వాడు. దేవుడు నీకు జీవితం మొత్తం ఒకేసారి కనబడేలా ఎప్పుడు చూపించాడు? నాకూ చూపించలేదు. మీ బావగారు పోయిన రోజు నాకు మర్నాడు పొద్దున్న ఏం వండాలో మాత్రమే తెలిసింది. అదే వండాను. అలాగే ఇక్కడి దాకా వచ్చాను. ఆ రోజుల్లో లాంతరు పనే లేకపోతే నేను ఇల్లు కదిలేదాన్ని కాదు.

ఒక్క సంగతి. మందు చుక్క ఒక్క సాయంత్రం తప్పినా నాకు తెలిసిపోతుంది. ఎలాగో అడక్కు.

అక్క


చర్చి,
రెండో మెట్టు మీద నుంచి

అక్కా,

అట్టముక్క అందింది. సెక్రటరీ చేతిలో ఒకటో తరగతి పిల్లల సరంజామా! మూడు రోజులు జేబులో దాచాను. నాలుగో రోజు నీ మరదలు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టి, దాని పక్కన చిన్న దీపం పెట్టి, వెళ్ళి ముందు వరుసలో కూర్చుంది. ఇక తప్పలేదు.

ముందే అందరికీ చెప్పేశాను. నాకు పక్కలు కనబడవు, పలకరిస్తే ఎదురుగా వచ్చి పలకరించండి, ఇన్నాళ్ళు పలకనిది పొగరుతో కాదు అన్నాను. రొట్టెల బట్టీ ఆయన లేచొచ్చి సరిగ్గా నా ముక్కు ముందు చేయి చాపాడు. పట్టుకున్నాను. తర్వాత ఒక్క వరుస చదివాను. కింద ఏముందో నాకే తెలియదు కాబట్టి ఆగాల్సి వచ్చింది. అట్ట జరిపాను. ఇంకో వరుస. ఇదివరకు నేను రైలుబండిలా చదివేవాణ్ణి, జనం బండెక్కి నిద్రపోయేవారు. ఈసారి ఆగిన చోటల్లా తర్వాత ఏమొస్తుందా అని తలలెత్తి చూశారట. గంట కొట్టే తాత కూడా మేలుకునే ఉన్నాడట. ఈ వాక్యంలో ఇంత ఉందా అని పాస్టరుగారే అడిగారు. ఆయన దాని మీద ఎన్నోసార్లు ప్రసంగం చేశారు.

డాక్టరమ్మ వీధిలో రెండు వైపులా తల తిప్పుకుంటూ నడవమంది. నడుస్తున్నాను. ఇప్పుడు ఊళ్ళో ఏమంటున్నారో తెలుసా? "సెక్రటరీగారు ఎంత మారిపోయారు, అటూ ఇటూ అందరినీ చూసి తల ఊపుతున్నారు" అంటున్నారట. నేను స్తంభాలు చూసుకుంటున్నానని చెప్పలేదు.

మహా లైటు ఆర్పించేశాం. కోడికి మనశ్శాంతి, పాస్టరుగారికి అంతకన్నా ఎక్కువ. బోర్డు పాడైపోయి 'స్టాకు ఉన్నంత వరకే' అన్న ఒక్క ముక్కే తిప్పుతోంది. మెకానిక్ పీకేస్తానన్నాడు. నిన్న సాయంత్రం దాని కింద చాలాసేపు నిలబడి, ఇంకొన్నాళ్ళు ఉండనివ్వమన్నాను. నా కళ్ళ సంగతి అదే కదా అక్కా. మొదటిసారి దాన్ని చూసి నవ్వాను, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను.

ఇప్పుడు చుక్కల పనీ లాంతరు పనీ ఒకే వేళకి పెట్టుకున్నాం. ఈ మెట్టు మీద కూర్చుంటాను, నీ మరదలు చుక్కలు వేస్తుంది, కాసేపు కళ్ళు మూసుకుంటాను. తెరిచాక నూనె నేనే పోస్తాను. మొదట్లో సగం మెట్టు మీదే పోసేవాణ్ణి, ఇప్పుడు చేయి కుదిరింది. ఒక్క సాయంత్రానికి సరిపడా పోసి, వెలిగించి, నా కాళ్ళ ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను. చీకటి పడితే నాకు వీధి కనబడదు, గేటు కనబడదు. ఈ మెట్టు మాత్రం బాగా కనబడుతోంది. భయం పోలేదక్కా. సాయంత్రం సాయంత్రం కాస్త తగ్గుతోంది, పొద్దున్నకి మళ్ళీ వస్తోంది.

తమ్ముడు

వదినా, నిలువుగా రాస్తున్నాను, మీకు అలవాటే కదా. ఈరోజు చుక్కలు వేశాను. లాంతరు ఆయనే వెలిగించారు. అన్నం బాగా తిన్నారు. నూనె వాసన నా చీరకి కాకుండా ఆయన చొక్కాకి వస్తోంది, నాకదే చాలు.

అక్కా, మళ్ళీ నేనే. ఈసారి కాగితం తిప్పి చూశాను. నిజమే రాసింది.